టైమ్ స్లాట్ల రూటింగ్: ఎంపీసీ860 మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే చిప్ చుట్టూ తిరిగాయి. అది మోటరోలా తయారుచేసిన ఎంపీసీ860 పవర్‌క్విక్. మోటరోలా సెమీకండక్టర్ విభాగం 2004లో ఫ్రీస్కేల్‌గా విడిపోయి 2015లో ఎన్ఎక్స్‌పీలో కలిసింది, చిప్ మాత్రం పాత మల్టీప్లెక్సర్లలో, ఎక్స్ఛేంజ్ కార్డుల్లో ఇప్పటికీ పనిచేస్తోంది. ఒకే సీరియల్ లైను మీద వరుసగా వచ్చే టైమ్ స్లాట్లలో (ఒక్కో ఛానల్‌కి కేటాయించిన చిన్న కాలభాగాల్లో) ఏది ఏ సీరియల్ కంట్రోలర్‌కి (ఎస్‌సీసీకి) వెళ్లాలో నిర్ణయించే భాగాన్ని ఇందులో టైమ్ స్లాట్ అసైనర్ అంటారు. దానికి ఆదేశాలు రాసే చోటు ఎస్ఐ ర్యామ్, ఒక్కో ఆదేశం ఒక ఎంట్రీ. చిక్కులన్నీ ఈ రెండింటి దగ్గరే.

ప్రశ్న: ఒక ఈ1 లైనులో (32 స్లాట్ల డిజిటల్ టెలిఫోన్ లైనులో) 16వ స్లాట్‌లో వచ్చే సిగ్నలింగ్‌ని హెచ్‌డీఎల్‌సీగా (డేటాను ప్యాకెట్లుగా కట్టి పంపే ప్రోటోకాల్‌గా) ఎస్‌సీసీ3కి, 1–15, 17–31 స్లాట్లలోని వాయిస్‌ని ట్రాన్స్‌పరెంట్ మోడ్‌లో (బిట్లను ఉన్నవి ఉన్నట్టుగా) ఎస్‌సీసీ2కి పంపాలి. ఎంట్రీలన్నీ రాశాను. రెండు వైపులా ఒక్క బైటూ కదలడం లేదు. ఎక్కడ వెతకాలి? (ఎంబెడెడ్ ఇంజనీరు, హైదరాబాద్)

జవాబు: ముందు ఫ్రేమ్‌ని కాగితం మీద పెట్టండి. ఈ1 ఫ్రేమ్ అంటే 32 స్లాట్లు, స్లాట్‌కి 8 బిట్లు, మొత్తం 256 బిట్లు, 125 మైక్రోసెకన్లు. మీకు కావాల్సినవి నాలుగే ఎంట్రీలు: 1 బైట్ ఎవరికీ వద్దు, 15 బైట్లు ఎస్‌సీసీ2కి, 1 బైట్ ఎస్‌సీసీ3కి, 15 బైట్లు ఎస్‌సీసీ2కి. కూడితే 32 రావాలి. ఈ కూడిక చేయకుండా కోడ్ తెరవద్దు.

ఒక్కో ఎంట్రీలో మనకు పనికొచ్చే ఫీల్డులు నాలుగు. సీఎస్ఈఎల్ అనే మూడు బిట్లు గమ్యాన్ని చెబుతాయి: 000 అంటే ఎవరికీ కాదు, 001 నుంచి 100 వరకు ఎస్‌సీసీ1 నుంచి ఎస్‌సీసీ4, 101, 110 రెండు ఎస్ఎంసీలు (చిన్న సీరియల్ కంట్రోలర్లు). సీఎన్‌టీ నాలుగు బిట్లు, ఇందులో రాయాల్సింది కావాల్సిన సంఖ్య కంటే ఒకటి తక్కువ. అంటే 15 బైట్లకు 14 రాయాలి. బీవైటీ 1 అయితే లెక్క బైట్లలో, 0 అయితే బిట్లలో. ఎల్ఎస్‌టీ 1 అయితే అదే చివరి ఎంట్రీ, ఆ తర్వాత అసైనర్ మళ్లీ సింక్ (ఫ్రేమ్ మొదలైందని చెప్పే పల్స్) వచ్చేదాకా ఆగుతుంది.

ఇక తప్పు జరిగే చోట్లు. పవర్‌పీసీ మాన్యువల్‌లో బిట్ 0 అంటే అన్నిటికంటే పెద్ద బిట్. సీఎస్ఈఎల్ 7 నుంచి 9 వరకు అని చదివి సీ భాషలో 7 స్థానాలు ఎడమకు జరిపితే అది వేరే చోట పడుతుంది. పైగా ఎంట్రీ 32 బిట్ల పదంలో పై 16 బిట్లలోనే ఉంటుంది, కింది 16 ఖాళీ. ఎస్‌సీసీ2కి ఒక్క బైట్ పంపే ఎంట్రీని పరీక్షగా వేసుకోండి: సీఎస్ఈఎల్ 010, సీఎన్‌టీ 0000, బీవైటీ 1, ఎల్ఎస్‌టీ 0. పదహారు బిట్లుగా హెక్స్‌లో 0082. మెమరీలో కనిపించాల్సిన పూర్తి పదం 00820000. మీ డంపులో 00000082 కనిపిస్తే అసైనర్‌కి అది ఖాళీ ఎంట్రీయే. ఒక్క బైటూ కదలకపోవడానికి నేను మొదట అనుమానించేది దీన్నే.

రెండోది ట్రాన్స్‌మిట్ వైపు. ర్యామ్ మొత్తం 512 బైట్లు. ఒకే టీడీఎం (టైమ్ స్లాట్ల లైను) వాడితే మొదటి 256 బైట్లు రిసీవ్‌కి, తర్వాతి 256 ట్రాన్స్‌మిట్‌కి. రిసీవ్ ఎంట్రీలు రాస్తే ట్రాన్స్‌మిట్‌వి వాటంతట అవి రావు, అదే వరుసను రెండో సగంలోనూ రాయాలి. పవర్ ఇవ్వగానే ర్యామ్‌లో ఏముంటుందో చెప్పలేం కాబట్టి ముందు మొత్తం సున్నాలు చేసి మొదలుపెట్టండి.

మూడోది ఎస్ఐసీఆర్ రిజిస్టర్. ఇందులో ఒక్కో ఎస్‌సీసీకి 8 బిట్లు, ఎస్‌సీసీ1 అడుగున, ఎస్‌సీసీ4 పైన. ఆ ఎనిమిదిలో పై నుంచి రెండో బిట్ 1 అయితేనే ఆ ఎస్‌సీసీ అసైనర్‌కి తగులుకుంటుంది. లేకపోతే అది తన సొంత పిన్నుల వైపే చూస్తూ ఉంటుంది, మీ ఎంట్రీలు ఎంత సరిగ్గా ఉన్నా దానికి డేటా చేరదు.

వరుస ఇలా పాటించండి: పోర్టు పిన్నులు, ఎస్ఐ ర్యామ్, ఎస్ఐమోడ్ (లైను అమరికల రిజిస్టర్), ఎస్ఐసీఆర్, ఎస్‌సీసీ పారామీటర్లు, తర్వాత ఎస్ఐజీఎంఆర్‌లో టీడీఎంని ఎనేబుల్ చేయడం. ఎస్‌సీసీల ట్రాన్స్‌మిట్, రిసీవ్ బిట్లు అన్నిటికంటే చివర. బోర్డు సంగతి తేల్చుకోవాలంటే ఎస్ఐమోడ్‌లోని డయాగ్నస్టిక్ ఫీల్డులో 10 పెట్టి ఇంటర్నల్ లూప్‌బ్యాక్ (పంపినదే లోపల తిరిగి అందేలా) చేయండి. అయితే లూప్‌బ్యాక్‌లోనూ క్లాక్, సింక్ పిన్నుల మీద ఉండాల్సిందే, రిసీవ్, ట్రాన్స్‌మిట్ క్లాకులు ఒకటే కావాలి. ఫ్రేమర్ (లైను వైపు ఫ్రేములను కట్టే, విప్పే చిప్) ఆగిపోయి ఉంటే లూప్‌బ్యాక్ కూడా పలకదు.

వాయిస్ బఫర్ పరిమాణం గురించి మీరు అడగలేదు కానీ చెప్పాల్సిందే. ఎస్‌సీసీ2కి ఫ్రేమ్‌కి 30 బైట్లు వస్తాయి. బఫర్ 30 గుణిజమైతేనే ప్రతి బఫర్‌లోనూ ఒక ఛానల్ ఒకే స్థానంలో ఉంటుంది. రిసీవ్ బఫర్ పొడవు 4 గుణిజం కూడా కావాలి కాబట్టి 60, 120, 240 లాంటివి తీసుకోండి. 240 అంటే 8 ఫ్రేములు, సరిగ్గా 1 మిల్లీసెకన్. ట్రాన్స్‌మిట్‌లో ఒక్కసారి అండర్‌రన్ అయితే (పంపాల్సిన డేటా సమయానికి అందకపోతే) ఈ వరుస చెడుతుంది, అప్పుడు రీస్టార్ట్ ఆదేశం ఇచ్చి మళ్లీ మొదటి స్లాట్ నుంచి ఎత్తుకోవాలి.

ప్రశ్న: వాయిస్ వస్తోంది కానీ గరగరలాడుతోంది. అవతలి వైపు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఏ-లా (వాయిస్‌ని 8 బిట్లుగా మార్చే ప్రమాణం) ప్రకారం 11010101 రావాలి, నాకు 10101011 వస్తోంది. బిట్లు తలకిందులయ్యాయనుకుని ముందే పెట్టి ఉన్న రివర్స్ బిట్ తీసేశాను, నిశ్శబ్దం సరిగ్గా వచ్చింది. మాట మాత్రం ఇంకా అధ్వాన్నంగా ఉంది. (టెలికాం బోర్డుల రిపేరు నిపుణుడు, సికింద్రాబాద్)

జవాబు: మీరు వాడిన పరీక్షా బైటే మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. 11010101ని వెనక నుంచి చదివితే 10101011. అదే బైట్ ఆగకుండా వస్తున్నప్పుడు ఒక బిట్ ఆలస్యంగా చదవడం మొదలుపెట్టినా వచ్చేది 10101011 మాత్రమే. రెండు వేర్వేరు జబ్బులకు ఒకే లక్షణం. మీ బోర్డులో అసలు లోపం ఒక బిట్ జరగడం అయితే, దాని మీద బిట్లను తిప్పేసరికి నిశ్శబ్దం అచ్చంగా 11010101గానే కనిపించింది, మాటలోని మిగతా విలువలన్నీ చెదిరిపోయాయి.

నిశ్శబ్దం బైట్‌తో ఎప్పుడూ అలైన్‌మెంట్ చూడకండి. 11010000 వాడండి. దీన్ని తిప్పితే 00001011, అది ఈ బైట్‌ని ఎన్ని బిట్లు జరిపినా రాదు. కాబట్టి ఏది కనిపించినా అర్థం ఒక్కటే:

10100001 వస్తే మీరు ఒక బిట్ ఆలస్యంగా మొదలుపెడుతున్నారు, ఎస్ఐమోడ్‌లో రిసీవ్ సింక్ డిలేని ఒకటి తగ్గించండి.
01101000 వస్తే ఒక బిట్ ముందే మొదలుపెడుతున్నారు, ఒకటి పెంచండి.
00001011 వస్తే జరగలేదు, బిట్ల వరుసే తలకిందులైంది.

అటూ ఇటూ ఉన్న స్లాట్లలోనూ ఇదే బైట్ నింపండి. లేకపోతే పక్క స్లాట్ నుంచి దూరిన బిట్ వేరే విలువ చూపించి లెక్క తప్పిస్తుంది.

ఈ డిలే 0 నుంచి 3 బిట్ల వరకే ఉంటుంది. ఫ్రేమర్ డేటాషీట్‌లో సింక్ పల్స్ మొదటి బిట్‌తో పాటు వస్తుందా, ఒక క్లాక్ ముందు వస్తుందా చూసి పెట్టండి. ట్రాన్స్‌మిట్ డిలే వేరే ఫీల్డు, రిసీవ్ సరిచేశాక దాన్ని మరచిపోయేవాళ్లు చాలామంది.

వాయిస్‌లో పెద్ద బిట్ ముందు వస్తుంది, ఎస్‌సీసీ మామూలుగా చిన్న బిట్‌ని ముందు తీసుకుంటుంది. కాబట్టి ట్రాన్స్‌పరెంట్ ఛానల్‌కి జీఎస్ఎంఆర్ (ఎస్‌సీసీ మోడ్ రిజిస్టర్) పై సగంలోని రివర్స్ డేటా బిట్ కావాల్సిందే. మీరు తీసేసిన ఆ బిట్‌ని మళ్లీ పెట్టి, డిలేని సరిచేయండి. హెచ్‌డీఎల్‌సీ ఛానల్‌కి ఈ బిట్ అవసరం లేదు.

ఇంకొక సంగతి. బోర్డు రీసెట్ చేసిన ప్రతిసారీ ఎన్ని బిట్లు జరిగిందో మారుతూ ఉంటే అది సింక్ డిలే సమస్య కాదు. ఎస్‌సీసీ ఫ్రేమ్ మొదలుతో పట్టు కలపకుండా ఎక్కడ పడితే అక్కడ ఎత్తుకుంటోంది. జీఎస్ఎంఆర్ పై సగంలో సీడీపీ, సీటీఎస్‌పీ, సీడీఎస్, సీటీఎస్ఎస్ నాలుగూ 1 ఉన్నాయో లేదో చూడండి. జరగడం ఎప్పుడూ ఒకేలా ఉంటే డిలే, ప్రతిసారీ మారితే ఈ నాలుగు బిట్లు. ఎప్పుడో ఒకసారి మాత్రం మారితే క్లాక్ అంచు: డేటా మారే అంచునే మీరూ చదువుతున్నారు. ఎస్ఐమోడ్‌లోని సీఈ బిట్ 0 అయితే పైకి లేచే అంచున పంపి, దిగే అంచున చదువుతుంది, 1 అయితే తారుమారు. ఎఫ్ఈ బిట్ సింక్‌ని ఏ అంచున చూడాలో చెబుతుంది. స్కోప్‌లో క్లాక్, సింక్, డేటా మూడూ ఒకేసారి పెట్టి చూడకుండా ఈ రెండు బిట్లను అటూ ఇటూ మార్చి వదిలేయొద్దు. ఇవాళ పనిచేసిన అమరిక బోర్డు వేడెక్కాక పనిచేయకపోవచ్చు.

ప్రశ్న: అమెరికాలో టీ1 లైనుకి (24 స్లాట్ల లైనుకి) అదే కోడ్ మార్చుకుంటున్నాం. ఒకే ఎంట్రీలో 24 స్లాట్లు పట్టడం లేదు. (డాలస్)

జవాబు: సీఎన్‌టీ నాలుగు బిట్లే కాబట్టి ఒక ఎంట్రీకి గరిష్ఠం 16. 24ని 16, 8గా విడగొట్టండి. అంతకుముందు ఫ్రేమ్ మొదట్లో ఉండే ఒక్క ఫ్రేమింగ్ బిట్‌ని దాటాలి. దానికి బీవైటీ 0, సీఎన్‌టీ 0, సీఎస్ఈఎల్ 000 ఉన్న ఎంట్రీ, అంటే పూర్తిగా సున్నాలు. 1 + 128 + 64 = 193 బిట్లు. ఎల్ఎస్‌టీ మూడో ఎంట్రీలో. ఆ ఒక్క బిట్‌కి ఎంట్రీ ఖర్చు చేయడం ఇష్టం లేకపోతే సింక్ డిలేని ఒకటి పెంచినా అదే ఫలితం వస్తుంది.

ప్రశ్న: మా లింకులో దాదాపు 10 సెకన్లకు ఒకసారి టక్‌మని శబ్దం వస్తుంది, అప్పుడప్పుడు సిగ్నలింగ్‌లో సీఆర్‌సీ ఎర్రర్ (డేటా చెడిందని చూపే తప్పు) పడుతుంది. కోడ్ రెండేళ్లుగా మార్చలేదు, ఈమధ్య ఫ్రేమర్ కార్డు మాత్రం మార్చారు. (విజయవాడ)

జవాబు: కోడ్‌ని వదిలేసి క్లాకులు చూడండి. ఇది స్లిప్. ఒక ఫ్రేమ్ 125 మైక్రోసెకన్లు. అది పూర్తిగా జారిపోవడానికి 10 సెకన్లు పట్టిందంటే రెండు క్లాకుల మధ్య తేడా 125 మైక్రోసెకన్లను 10 సెకన్లతో భాగించినంత, అంటే పది లక్షలకు 12.5. ఈ1 క్లాక్‌కి ప్రమాణం ఇచ్చే వెసులుబాటు పది లక్షలకు 50, కాబట్టి మీ క్రిస్టల్ చెడిపోలేదు. రెండు స్వతంత్ర క్లాకులతో లైను నడుస్తోంది, అంతే.

కొత్త ఫ్రేమర్ ట్రాన్స్‌మిట్ క్లాక్‌ని తన సొంత క్రిస్టల్ నుంచి తీసుకుంటోందేమో చూసి, లైను నుంచి తీసిన క్లాక్‌కి మార్చండి. ఒక లింకులో క్లాక్‌కి యజమాని ఒకరే ఉండాలి. అవతల ఎక్స్ఛేంజ్ ఉంటే అదే యజమాని, మీ వైపు లూప్ టైమింగ్. తర్వాత ఎస్ఐమోడ్‌లో సీఆర్‌టీ బిట్ చూడండి. అది 1 అయితే రిసీవ్ క్లాక్, సింక్‌లే ట్రాన్స్‌మిట్‌కీ వాడతారు. పాత కార్డు రెండు దిక్కులా ఒకే క్లాక్ ఇచ్చి, కొత్తది వేర్వేరుగా ఇస్తుంటే ఈ బిట్ అలాగే ఉండటం ప్రమాదం: ఫ్రేమర్ ఒక క్లాక్‌తో తీసుకుంటుంటే మీరు ఇంకో క్లాక్‌తో పంపుతుంటారు. గుర్తుంచుకోండి, సీఆర్‌టీ పెట్టినప్పుడు ట్రాన్స్‌మిట్ క్లాక్, సింక్ పిన్నులు వేరే పనికి ఖాళీ అవుతాయి. పాత బోర్డు డిజైనరు వాటిని ఇంకెక్కడైనా వాడేసి ఉంటే బిట్ మార్చడం ఒక్కటే సరిపోదు, సర్క్యూట్ డయాగ్రాం చూడాల్సిందే.

ప్రశ్న: కాల్ నడుస్తుండగానే స్లాట్లు మార్చాలని షాడో ర్యామ్ (కొత్త ఎంట్రీలు ముందుగా రాసిపెట్టే రెండో సగం) వాడుతున్నాను. మార్పు ఆదేశం ఇచ్చాక బిట్ సున్నా అయ్యేదాకా ఎదురుచూసే లూప్‌లో ఒక్కోసారి బోర్డు మొత్తం ఇరుక్కుపోతోంది. రెండోసారి మార్చినప్పుడు నడుస్తున్న కాల్స్ కూడా పోతున్నాయి. (బెంగళూరు)

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు. మార్పిడి ఫ్రేమ్ సరిహద్దులో జరుగుతుంది. ఈ1 కేబుల్ ఊడి ఫ్రేమర్ క్లాక్ గానీ సింక్ గానీ ఆపేస్తే ఆ సరిహద్దు ఎప్పటికీ రాదు, మార్పు ఆదేశం ఇచ్చే ఎస్ఐసీఎంఆర్ రిజిస్టర్‌లోని బిట్ అలాగే 1గా నిలిచిపోతుంది. ఫ్రేమ్ 125 మైక్రోసెకన్లే కాబట్టి 1 మిల్లీసెకన్ గడువు ధారాళంగా సరిపోతుంది. అది దాటితే లైను పోయిందని ప్రకటించి లూప్ నుంచి బయటికి రండి.

రెండోది: మొదటి మార్పిడి తర్వాత షాడో, అసలు స్థానాలు మారిపోతాయి. మీ కోడ్ ప్రతిసారీ ఒకే చిరునామాకి రాస్తోంది, రెండోసారి అది నడుస్తున్న భాగం. రాయడానికి ముందు ఎస్ఐఎస్‌టీఆర్‌లో ప్రస్తుతం ఏ సగం వాడుకలో ఉందో చదివి, రెండో సగానికి రాయండి. రిసీవ్‌కి, ట్రాన్స్‌మిట్‌కి వేర్వేరు బిట్లున్నాయి, రెండూ ఒకే క్షణంలో మారతాయని అనుకోవద్దు. మారని ఛానళ్ల ఎంట్రీలనూ షాడోలో పూర్తిగా మళ్లీ రాయాలి, తేడాలు మాత్రమే రాస్తే మిగతా కాల్స్ తెగిపోతాయి.

ఇంకా ఒక పరిమితి: ఎస్ఐజీఎంఆర్‌లో ర్యామ్ విభజన 01 పెడితే ఒక టీడీఎంకి దిక్కుకి 32 ఎంట్రీలు, 32 షాడో. 11 పెట్టి రెండు టీడీఎంలు నడిపితే ఒక్కోదానికి 16, 16 మాత్రమే. స్లాట్లు చెల్లాచెదురుగా ఇస్తూ పోతే 16 ఎంట్రీలు త్వరగా అయిపోతాయి. పక్కపక్క స్లాట్లను ఒకే గమ్యానికి ఇచ్చేలా కాల్ కేటాయింపునే మార్చుకోవడం మంచిది.

ప్రశ్న: 2.048 మెగాహెర్ట్జ్ బస్సు మీద అంతా బాగుంది. 8.192కి మారిస్తే డేటా చెత్తగా వస్తోంది. చిప్ 50 మెగాహెర్ట్జ్‌లో నడుస్తోంది. (చెన్నై)

జవాబు: అసైనర్‌కి వచ్చే బయటి క్లాక్ కంటే చిప్ లోపలి సింక్ క్లాక్ కనీసం 2.5 రెట్లు ఉండాలి. 8.192కి 20.48 మెగాహెర్ట్జ్ కావాలి. 50 ఉంటే సరిపోతుంది, కానీ విద్యుత్తు ఆదా కోసం ఎవరైనా ఎస్‌సీసీఆర్ రిజిస్టర్‌లో సింక్ క్లాక్‌ని 4తో భాగించారేమో చూడండి. అప్పుడు మిగిలేది 12.5. ఈ1కి అవసరమైన 5.12 కంటే అది ఎక్కువే కాబట్టి పాత బస్సు బాగానే నడిచింది.

ప్రశ్న: ఒకే బస్సు మీద రెండు కార్డులు పెడితే ఒకదాని డేటా ఇంకోదాన్ని పాడుచేస్తోంది. (వరంగల్)

జవాబు: సీఎస్ఈఎల్ 000 ఉన్న స్లాట్లలో ట్రాన్స్‌మిట్ పిన్ బస్సుని వదిలేస్తుంది, మీ స్లాట్లు కాని వాటన్నిటికీ అదే ఉండాలి. చాలామంది వాడని స్లాట్లను కూడా ఎస్‌సీసీకి ఇచ్చి, సాఫ్ట్‌వేర్‌లో 1లు పంపిస్తారు. ఒక్క కార్డు ఉన్నంతకాలం ఆ తప్పు బయటపడదు. బస్సుకి పుల్-అప్ రెసిస్టర్ పెట్టండి, ఎవరూ మాట్లాడనప్పుడు లైను 1 దగ్గర నిలబడాలి.

ప్రశ్న: ఒక్కో స్లాట్‌ని విడి ఛానల్‌గా తీసుకోవాలి, 30 ఎస్‌సీసీలు ఎక్కడి నుంచి వస్తాయి? లినక్స్‌లో దీనికి డ్రైవర్ ఉందా? (ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: చిప్ పేరు చివర ఎంహెచ్ ఉన్న రకంలో క్యూఎంసీ అనే మైక్రోకోడ్ ఉంటుంది. అది ఒకే ఎస్‌సీసీ మీద 64 దాకా లాజికల్ ఛానళ్లను నడుపుతుంది, ఒక్కోదాన్ని విడిగా హెచ్‌డీఎల్‌సీ లేదా ట్రాన్స్‌పరెంట్‌గా పెట్టుకోవచ్చు. ఇక్కడ రెండు పట్టికలు ఏకీభవించాలి: ఎస్ఐ ర్యామ్ ఆ ఎస్‌సీసీకి ఫ్రేమ్‌కి ఎన్ని బైట్లు ఇస్తోందో, క్యూఎంసీ టైమ్ స్లాట్ పట్టికలో చివరి ఎంట్రీ గుర్తు దగ్గరికి అన్నే ఎంట్రీలు ఉండాలి. ఒకటి తేడా వచ్చినా ఛానళ్లలో ఒకదాని డేటా ఇంకోదానికి పోతుంది. గ్లోబల్ అండర్‌రన్ పదేపదే వస్తుంటే కమ్యూనికేషన్ ప్రాసెసర్ మీద భారం, మెమరీ బస్సు ఆలస్యం చూడండి. అది వచ్చాక ట్రాన్స్‌మిట్ వైపు మొత్తాన్ని మళ్లీ మొదలుపెట్టాలి, ఒక్క ఛానల్‌ని సరిచేస్తే సరిపోదు.

లినక్స్‌లో అసైనర్‌కీ క్యూఎంసీకీ డ్రైవర్లు 2023లో వచ్చిన 6.4 వెర్షన్ నుంచి ఉన్నాయి. ఎంట్రీలను చేత్తో రాయక్కర్లేదు, డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్‌ని వివరించే ఫైల్లో) స్లాట్ల సంఖ్య, గమ్యం జతలుగా ఇస్తే చాలు. 16కి మించిన సంఖ్యను డ్రైవరే విడగొడుతుంది. లెక్క మాత్రం స్లాట్లలోనే ఉంటుంది కాబట్టి టీ1 ఫ్రేమింగ్ బిట్‌ని సింక్ డిలేతోనే దాటాలి. అందరూ పొరబడే చోటు ఛానల్ మాస్క్, అంటే ఒక ఛానల్‌కి ఏ స్లాట్లో బిట్లతో చెప్పే సంఖ్య. అందులో అడుగు బిట్ అంటే ఈ1లోని సున్నా స్లాట్ కాదు, ఆ ఎస్‌సీసీకి పంపిన వాటిలో మొదటిది. మీరు 1–15, 17–31 స్లాట్లను పంపితే 1వ స్లాట్‌కి బిట్ 0, 15వ దానికి బిట్ 14, 17వ స్లాట్‌కి బిట్ 15. పదహారో స్లాట్ పక్కకు పోయింది కాబట్టి అక్కడి నుంచి తేడా ఒకటి కాదు, రెండు.